పందొమ్మిదేళ్లకే కన్న గొప్ప

హాంబర్గ్‌లో తెలుగువాళ్లింట సీమంతమంటే ఆండాళక్క రావాల్సిందే. పిలిస్తే వస్తుంది, పిలవకపోతే ఇంకాస్త ముందే వస్తుంది. భర్త కమలాకర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట వరంగల్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చలిమిడి ఆవిడే చేస్తుంది, ఎవరికెంత పెట్టాలో ఆవిడే చెబుతుంది, అడగని సలహా కూడా ఆవిడే ఇస్తుంది.

"పెండ్లయిన ఏడాదికే కనాలె. నేను పందొమ్మిదికి పెద్దదాన్ని కన్న, ఇరవై ఒకటికి చిన్నోన్ని కన్న. ఇప్పటిదాంక దవాఖాన గడప తొక్కలే!"

గడప తొక్కని మనిషికి రోగమున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు. అడిగి బతికి బట్టకట్టేదెవరు? కమలాకర్ మాత్రం ఆ మాట మొదలవగానే ఫోన్‌లోకి తల దూర్చేస్తాడు.

ఈసారి సీమంతం శ్రావ్యది. విమానాల కంపెనీలో ఇంజనీరు, వయసు ముప్పై ఏడు. ఈ బిడ్డ కోసం నాలుగేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. తీరా కడుపు నిలిచాక షుగర్ వచ్చింది. తిన్న ప్రతిసారీ వేలు పొడుచుకుని చూసుకోవడమే పని.

ఆండాళక్క చలిమిడి ముద్ద నోటిదాకా తెచ్చింది.

"వద్దక్కా, షుగర్ పెరుగుతుంది. ఒళ్లో పెట్టండి చాలు" అంది శ్రావ్య.

"షుగరెందుకొచ్చిందో ఎర్కేనా? ముసల్దానివైనంక కంటే రాదా మరి!"

శ్రావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే ఒళ్లు మండింది కూడా. సంచిలోంచి షుగర్ మిషను తీసింది.

"మీరు పందొమ్మిదికే కన్నారుగా. ఏదీ, వేలివ్వండి అక్కా."

ఆండాళక్క దర్జాగా వేలు చాపింది. మిషను నాలుగు వందలు దాటి చూపించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"నీ మిషన్ ఖరాబైంది!"

శ్రావ్యకు నవ్వాగలేదు. "చేతినిండా బెల్లమే కదక్కా! కడుక్కుని రండి."

అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆండాళక్కే. సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుని వచ్చి మళ్లీ వేలిచ్చింది. రెండు వందల డెబ్బై. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడే శ్రావ్య తన డాక్టరమ్మ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని, కస్సుబుస్సులాడుతున్న ఆండాళక్కను లాక్కుపోయింది. రక్తపరీక్షలో షుగర్ జబ్బని తేలిపోయింది. పిల్లలు ఏ వయసులో పుట్టారని డాక్టరమ్మ అడిగితే ఆండాళక్క అలవాటు చొప్పున గొప్పగానే చెప్పింది.

"ఆలస్యంగా కన్నవాళ్లకే ఇబ్బందనుకుంటారు. బాగా చిన్న వయసులో కన్నవాళ్లలో కూడా తర్వాత షుగరు, బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగానే కనిపిస్తున్నాయి. అదొక్కటే కారణమని చెప్పలేం. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ చూశారా?" డాక్టరమ్మ మాటల్ని శ్రావ్య తెలుగులో చెప్పింది.

"ఎవడు చూసిండు? కడుపెంత పెరిగిందో మా అత్త చూసింది, గంతే."

బయట బస్టాపులో గాలి, వాన. ఆండాళక్క గొడుగు కూడా తెరవలేదు.

"నాకు డిగ్రీల సీటొచ్చింది శ్రావ్యా. కడుపొచ్చిందని కాలేజీకి పోనియ్యలే. మస్తు ఏడ్చిన. జల్ది కంటే ఒళ్లు గట్టిగుంటదని అందరు చెప్పిన్రు. పాడు చదువు పోయినా ఒళ్లన్న దక్కిందనుకున్న. గిన్నేండ్లు గదే పట్టుకొని బతికిన. గది గూడ లేదాయె."

శ్రావ్యకు జాలేసింది, కానీ కోపం ఇంకా పోలేదు. "అందుకని నలుగురిలో నన్ను ముసల్దాన్నంటారా అక్కా?"

"అన్న. నువ్వు చదువుకున్నవు, కొలువు చేసినవు, నీకు కావాలన్నప్పుడు బిడ్డ కోసం కొట్లాడినవు. నన్నెవడన్న అడిగిండా, ఎప్పుడు కంటవని?" ఆవిడ మొహం మీది వాన తుడుచుకుంది. "కుళ్లు నాకు. సీమంతం చేస్తున్న ప్రతి పిల్లను చూసినా కుళ్లే."

బస్సు వచ్చింది. శ్రావ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించింది.