కెమెరా వైపు బోల్టులు

ఎవరైనా మీతో "ఆదివారం మేమంతా వచ్చి బిగించేస్తాం, మీరు కాఫీ పెట్టండి చాలు" అంటే నమ్మకండి. నేను నమ్మాను. కాఫీ పెట్టాను, ఇడ్లీలు తెప్పించాను, బిర్యానీ కూడా తెప్పించాను. చివరికి గొంతు పోగొట్టుకున్నాను. నాకు గొంతంటే మామూలు విషయం కాదు, దాంతోనే బతుకుతున్నాను. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్తాను. తెర మీద ఏడ్చే అమ్మాయిల్లో సగం మందికి తెలుగు రాదు, వాళ్ల బదులు చీకటి గదిలో నిలబడి నేను ఏడుస్తాను.

ముందు నా కాలి సంగతి చెప్పాలి. కృష్ణానగర్ సందులో రాంగ్ సైడ్‌లో వచ్చిన బైకొకటి నా కుడి చీలమండని నుజ్జు చేసి పోయింది. డాక్టర్లు లోపల ప్లేట్లు వేసి, కీలు కదలకుండా కలిపేశారు. నడుస్తాను, కాస్త కుంటుతాను, మెట్లూ ఎక్కుతాను. ఆ పాదం మాత్రం పైకీ కిందకీ ఆడదు. కాబట్టి యాక్సిలరేటర్ తొక్కడానికి అది పనికిరాదు. నాకు బంగారం పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు, ఉన్నదల్లా కార్ల పిచ్చి. నా చిన్న ఆటోమేటిక్ కారు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవరు కప్పుకుని పడి ఉంటే, పక్కనే క్యాబ్ కోసం నిలబడేదాన్ని.

అప్పటినుంచీ లోకమంతా నన్ను దింపడం మొదలుపెట్టింది. మా ఆయన దింపుతాడు, క్యాబ్ వాడు దింపుతాడు, పై ఫ్లోర్ వాళ్లు జూబ్లీ చెక్‌పోస్ట్ దాకా వెళ్తూ దింపుతారు. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ ఒకటే అడుగుతాడు, "ఎవరు దింపిండ్రమ్మా ఇయ్యాల?" అని. పాపం, మర్యాదకే అడుగుతాడు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది, ఎల్కేజీ పిల్లని అడిగినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి విసుక్కుంటే మా ఆయన, "నేను దింపుతాను కదా, నీకేం కష్టం?" అంటాడు. దింపడమే కష్టమని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

కుడి కాలి పని ఎడమ కాలికి అప్పజెప్పే పెడల్ ఒకటి దొరుకుతుంది. బ్రేకుకి ఎడమ పక్కన నేల మీద ఒక ప్లేటు బిగిస్తారు. దాని మీద కొత్త పెడల్, అక్కణ్నించి అసలు యాక్సిలరేటర్ దాకా ఒక అడ్డ రాడ్డు, అంతే. ఆర్టీవో కాగితాల బాధ పడీ పడీ ఎలాగో పూర్తి చేశాను. పెడల్ పార్సిల్‌లో వచ్చింది. కంపెనీ మనిషి వచ్చి బిగించాలంటే నెలలు ఆగమన్నారు. మా వీధి మెకానిక్, "రేపేమన్నా అయితే నా మీదకొస్తది మేడం" అని చేతులెత్తేశాడు. అప్పుడు నాకు మా కార్ల గ్రూపు గుర్తొచ్చింది. అదే నా ఖర్మ.

గ్రూపులో అందరం సినిమా వాళ్లమే, అందరికీ కార్ల పిచ్చే. ఒకరి బండికి ఒకరం స్పీకర్లు, సీట్ కవర్లు, లైట్లు బిగించుకుంటూ ఉంటాం. నా కోసం ముగ్గురు వచ్చారు. ఒకాయన బోరబండలో ఉంటాడు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సెట్లు వేస్తాడు, స్పానరు పట్టుకుంటే వదలడు. రెండో ఆయన భీమవరం ఎడిటరు, మా పక్క అపార్ట్‌మెంటే. మూడో ఆయన యూసుఫ్‌గూడ పెద్దాయన, షూటింగులకి పాత కార్లు కిరాయికిస్తాడు, అందరం బాబాయ్ అంటాం. ముగ్గురూ బంగారం లాంటి మనుషులు. అందుకే తిట్టడానికి కూడా నోరు రాదు, చచ్చే చావు.

వచ్చారు సరే, పని మొదలుపెట్టాలా? లేదు. బాబాయ్ సంచిలోంచి కొబ్బరికాయ తీసి కొట్టి, చిప్పలు పళ్లెంలో పెట్టాడు. పెడల్‌కి పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఎడిటరు ఫోన్‌ని స్టాండుకి తగిలించి, ఇంకో స్టాండు మీద గుండ్రటి లైటు వెలిగించి, ఫస్ట్ షాట్ డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ మీద తీశాడు. క్లాప్ బోర్డు లేదు కాబట్టి సెట్లాయన రెండు స్పానర్లు టక్కున కొట్టాడు. ఇదంతా ఎందుకయ్యా అంటే, "గ్రూపులో పెడదామండీ, మీలాంటి వాళ్లకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటదండీ" అన్నాడు ఎడిటరు. మీలాంటి వాళ్లట. నవ్వి ఊరుకున్నాను, పనున్నది మనకి కదా.

తర్వాతైనా పెడల్ ముట్టుకున్నారా? బాబాయ్ హారన్ కొట్టి చూసి, "ఇదేం హారనమ్మా, పిల్లి తుమ్మినట్టుంది" అని బోనెట్ ఎత్తాడు. తను తెచ్చిన పెద్ద హారను బిగించేదాకా దించలేదు. ఎడిటరేమో స్టీరింగ్ కింద చీకటిగా ఉందని నీలం లైట్లు అతికించాడు. నేను హారన్ అడిగానా, లైట్లు అడిగానా? "బాబాయ్, పెడల్" అన్నాను. "అయిపోతుందమ్మా, అదెంతసేపు" అన్నాడు. అంతలో పన్నెండు కొట్టింది. ఆదివారం పన్నెండు నుంచి యమగండం, కొత్త పని మొదలెట్టకూడదట. యమగండం పోయేదాకా బిర్యానీ తిన్నారు. నేను గేటు దగ్గరికీ కారు దగ్గరికీ తిరుగుతూ పళ్లు నూరుకున్నాను.

మధ్యాహ్నం దాటాక సెట్లాయన నిజంగా నడుం వంచాడు. కారు నేలకి రంధ్రాలు వేసి ప్లేటు కూర్చోబెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. ఒక బోల్టు బిగించగానే ఎడిటరు, "అన్నా, మీ చెయ్యి అడ్డొచ్చిందండీ, వన్ మోర్" అన్నాడు. సెట్లాయన వెంటనే బిగించిన బోల్టు ఊడదీసి మళ్లీ బిగించాడు. ఇద్దరికీ అదేం వింతగా అనిపించలేదు. పగలంతా వన్ మోర్ అంటే వన్ మోర్ చేసే బతుకులు కదా. "బాబూ, ఇది షూటింగ్ కాదు" అని అరిచాను. "జర ఫికర్ చేయకక్కా, ఫినిషింగ్ చూడు, సెట్టు లెక్క ఉంటది" అన్నాడు సెట్లాయన. ఆ మాటకి అప్పుడే భయపడి ఉండాల్సింది.

అంతా అయిందన్నాక చూస్తే, నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చింది. నీలం వెలుగులో కొత్త పెడల్ మెరుస్తోంది. సీట్లో కూర్చుని ఎడమ కాలు బ్రేకు మీద ఆనించి స్టార్ట్ చేశాను. ఇంజను చప్పుడు వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడిటరు కారుకి ఎదురుగా నిలబడి, "ఆ ఎక్స్‌ప్రెషన్ ఉంచండండీ" అంటున్నాడు. గేరు వేసి, బ్రేకు వదిలి, ఎడమ కాలితో పెడల్‌ని మెల్లగా నొక్కాను.

ప్లేటు ఒక పక్కకి లేచింది. పెడల్ వాలిపోయి బ్రేకు కింద ఇరుక్కుంది. ఇంజను ఊళ పెట్టింది, బండి ముందుకి దూకింది. కాలు తీశాను, అయినా ఆగలేదు. బ్రేకు తొక్కితే దిగడం లేదు. చేత్తో గేరు న్యూట్రల్‌లోకి తోసి హ్యాండ్ బ్రేకు లాగాను. ఎడిటరు పక్కకి దూకి పడ్డాడు, ఆయన స్టాండూ లైటూ నా బంపరు కింద నలిగిపోయాయి. తాళం తిప్పి ఇంజను ఆపేశాను.

సెట్లాయన తల లోపలికి పెట్టి చూశాడు. నాలుగు బోల్టుల్లో డోరు వైపువి రెండూ బండలా బిగిసి ఉన్నాయి. గేరు వైపువి రెండూ వేళ్లతో పెట్టి వదిలేసినవి, స్పానరు తగల్లేదు. అలాగే నేల మీద చతికిలబడ్డాడు. "అక్కా, గా దిక్కు కెమెరాకు కనవడదు కదా" అన్నాడు. తిరిగి నాకే చెప్తున్నాడు. "సెట్టుల కెమెరా దిక్కే బిగిస్తం. యెనక ఊకె నిలవెడ్తం. చెయ్యికి గదే అలవాటైంది." మోసం చేయాలని చేయలేదు, మర్చిపోలేదు కూడా. ఆయన లెక్కలో ఆ పని పూర్తయింది.

అప్పుడు అరిచాను. డబ్బింగ్ థియేటర్లో చితి ముందు ఏడ్చే సీనుకి కూడా అలా అరవలేదు. నేను మీ హీరోయిన్ని కాదు, ఇది మీ సెట్టు కాదు, పొద్దున్నించి నా కాలు మీకు కనపడలేదా, ఎదురుగా పసిపిల్లాడుంటే ఏమయ్యేది అని ఎడాపెడా దులిపేశాను. ఎడిటరు గీరుకుపోయి రక్తం కారుతున్న మోచెయ్యి జేబురుమాలుతో అదుముకున్నాడు. మా ఆయన మెట్లు దిగి వచ్చి, బండినీ నన్నూ చూసి మెల్లగా అన్నాడు. "చాల్లే. అది పీకించెయ్. నేను దింపుతాను కదా."

ఆ మాటతో నా అరుపు టక్కున ఆగింది. ఆయన ప్రేమగానే అన్నాడు, అదే నాకు భయం వేసింది. ఆ పెడల్ ఆవాళ ఊడితే మళ్లీ ఎవరూ బిగించనివ్వరు. జన్మంతా పక్క సీట్లోనే. కొబ్బరి చిప్పలున్న పళ్లెం తీసుకుని ముగ్గురి ముందూ పెట్టాను. "ఫోన్లు ఇందులో పెట్టండి" అన్నాను. పెట్టారు. "ఇప్పుడు బిగించండి. కెమెరాకి కనపడక్కర్లేదు, ఊడకుండా ఉంటే చాలు."

బాబాయ్ గడియారం చూసుకుని, "రాహుకాలం వచ్చేసిందమ్మా" అన్నాడు. "అది నా నెత్తిన పడనివ్వు బాబాయ్" అన్నాను. ఆయన చొక్కా విప్పి కారు కిందకి దూరాడు. ప్లేటు మొత్తం ఊడదీశారు. కింద నుంచి బాబాయ్ నట్టు పట్టుకుంటే పైనుంచి సెట్లాయన బిగించాడు, ఒక్కో బోల్టుకీ ఎడిటరు స్పానరు తగిలించి వేలాడి మరీ చూశాడు. ఎవరూ వన్ మోర్ అనలేదు. పొద్దున్నించీ ఏడిపించిన పని కాస్తా చల్లారిన కాఫీ వేడి చేసి తెచ్చేలోపు అయిపోయింది. ఈ మాత్రానికి నా ఆదివారం అంతా నాకేశారు.

చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి ఎంత గట్టిగా తొక్కినా ప్లేటు కదల్లేదు. సెల్లార్‌లో అటూ ఇటూ తిప్పాను, బ్రేకు దిగింది, ఆగింది. మా ఆయన పక్క సీటు డోరు తెరిచాడు. "వద్దు" అన్నాను. డోరు మూసేసి, ర్యాంపు పైదాకా కారు పక్కనే నడిచి, గేటు దగ్గర ఆగిపోయాడు.

ఫిల్మ్‌నగర్ ఎత్తు రోడ్డు మీద వెనక ఆటోవాడు హారన్ కొట్టి చంపుతున్నా నా స్పీడు నాదే. ఎక్కడికి పోవాలో అనుకోలేదు, బండి తిన్నగా స్టూడియో గేటు ముందు ఆగింది. ఆదివారం, లోపల రికార్డింగులు లేవు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చాడు, వంగి పక్క సీటు చూశాడు, వెనక సీటు కూడా చూశాడు.

"ఎవరు దింపిండ్రమ్మా?" అన్నాడు.

ఎందరెందరి డైలాగులో చెప్పిన దాన్ని, ఒక్క మాట చెప్పడానికి గొంతు రాలేదు. పొద్దున్నించీ అరిచి అరిచి పూర్తిగా బొంగురుపోయింది. రెండుసార్లు దగ్గి, ఎలాగో అన్నాను.

"నేనే."