తిమింగలం కడుపుల సోషల్ సార్

శనివారం మా బడిల సైన్స్ ఫెయిర్ అయింది. ఆడ నేను సచ్చి బతికిన. మీరు నవ్వుతరని తెల్సు. నవ్వుండ్రి గానీ, మొత్తం ఇన్నంక నవ్వుండ్రి.

వరంగల్ మట్టెవాడల మాది చిన్న ప్రైవేటు బడి. నేను సోషల్ చెప్త. మూసిన జాగలంటే నాకు చిన్నప్పటి సంది భయం. నాలుగో అంతస్తుకైనా మెట్లెక్కుడే గానీ లిఫ్టు ఎక్క. ఈ సంగతి బడిల ఎవ్వలికీ చెప్పలే, ఇజ్జత్ పోతదని. అదే నా కొంప ముంచింది.

బయాలజీ చెప్పే సుగుణ మేడం ఈసారి కిల్లర్ వేల్స్ టాపిక్ తీసుకున్నది. డ్రాయింగ్ సార్ వెదురుబద్దలతోని ఆటో అంత తిమింగలం కట్టిండు. పైన గోనెసంచులు కుట్టి, నలుపు తెలుపు రంగులేసిండు. లోపల ఒక మనిషి వంగి కూసోని తాడు గుంజితే అది నోరు తెరుస్తది. స్టాఫ్‌ల సన్నగున్నోన్ని నేనే అని నన్ను పట్టుకున్నరు.

"సార్, జర ఇనుండ్రి," అన్నది మేడం. "కిల్లర్ వేల్స్ అన్నీ ఒక్క తీరు ఉండయ్. కొన్ని గుంపులు చేపలే తింటయ్. అవి నీళ్లల్ల ఒకటే ముచ్చట్లు పెడ్తయ్. ఇంకో రకం సీళ్లను, డాల్ఫిన్లను వేటాడ్తయ్. వాటికి సప్పుడు ఇనబడితే పారిపోతయ్ గదా, అందుకే ఇవి వేటల కిక్కురుమనయ్. ఒకే సముద్రంల తిరిగినా రెండు రకాలు కలువయ్. మీరు వేటాడే రకం. లోపల సప్పుడు చెయ్యద్దు."

"ఎంతసేపు మేడం?"

"చూడనీకె వచ్చే ఆఫీసర్ సార్ పోయేదాక. పది నిమిషాలు."

నేను బూట్లు ఇడిచి లోపలికి దూరంగనే డ్రాయింగ్ సార్ కడుపు కాడ దబ్బనంతోని కుట్టేసిండు. సుతిలి తాడు గుంజిన సప్పుడుకే నాకు అరిచేతులల్ల చెమట పట్టింది. లోపలంత చీకటి. మోకాళ్లు గదుమకు తాకుతున్నయ్. పది నిమిషాలే గదా అని అంకెలు లెక్కపెట్టుడు షురూ చేసిన.

రెండు వందలు దాటినంక ముక్కుల మంట. కండ్లల్ల మంట. అప్పుడు సమజైంది, అవి ఎనుమాముల మార్కెట్ల మిరపకాయలు మోసిన సంచులు. నేను ఎంత కదిలితే అంత దుమ్ము లేస్తాంది. ఆపుకుందమన్నా తుమ్ములు ఆగుతలేవు. తిమింగలం శ్వాస తీసుకునేతందుకు పైన ఒక చిన్న బొక్క పెట్టిండ్రు. దానికి నోరు ఆనిచ్చి గాలి గుంజుతాన. వెదురుబద్దలు నా దిక్కు జరుగుతున్నట్టే అనిపిచ్చింది. ఇగ నేను ఈన్నే పోత, బిడ్డ పెండ్లి గూడ చూడ అనుకున్న. నిజంగ అనుకున్న.

అప్పుడే బయట ఆఫీసర్ గొంతు ఇనబడ్డది. ఇగ రకం లేదు, ఏం లేదు. "తియ్యిండ్రి, నేను సస్తాన," అని మొత్తుకున్న.

"మేడం, ఈ రకం సప్పుడు చెయ్యదని చార్టు మీద రాసిండ్రు గదా?" అన్నడు ఆఫీసర్.

సుగుణ మేడం నేను నటిస్తాన అనుకున్నది. గోడ మీది చార్టును వెనకకు తిప్పింది. "ఇది చేపలు తినే రకం సార్. వీటిల్ల ఒక్కో కుటుంబానికి ఒక్కో యాస ఉంటది."

ఆఫీసర్ జరసేపు చెవి పెట్టి ఇన్నడు. "యాస మన వరంగల్‌దే ఉన్నది మేడం. లోపల మనిషి ఏడుస్తాండు. కొయ్యిండ్రి."

డ్రాయింగ్ సార్ కత్తెర కోసం ఉరికిండు. నేను కత్తెర దాక ఆగలే. రెండు కాళ్లతోని తన్నితే తోక కాడ సంచి చిరిగి కాళ్లు బయటపడ్డయ్. మిగిలిన నన్ను తియ్యనీకె ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

మొఖం మీద నీళ్లు కొట్టుకుంటాంటే మేడం పక్కన చెంబు పట్టుకోని నిలబడ్డది. "భయమని ముందే చెప్పద్దా సార్?" అన్నది. నేను చెంబు తీసుకోని ఇంకోసారి కొట్టుకున్న.

ఆదివారం బడి వాట్సాప్ గ్రూపుల ఫోటో వచ్చింది. తిమింగలానికి ఫస్ట్ ప్రైజ్. నేను గూడ ఉన్న అందుల, తోక కింద రెండు కాళ్లు. మా ఆమె ఫోటోను పెద్దగ చేసి చూసింది.

"బొటనవేలు బయటికొచ్చిన ఈ సాక్స్ నీదే గదా," అన్నది. "బడికి వేరేవి ఏసుకపొమ్మంటి."