బడి మోకరించే చోటు

ఆ వార్తను నాకు మొదట తెచ్చింది మా తిరువళ్ళూరు కథోలిక గుడి ఉపదేశి అన్న. ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. పాటల పుస్తకాలు చంకలో పెట్టుకుని దాదాపు పరుగున వచ్చాడాయన.

"అక్కా, నీ పుస్తకం గెలిచిందక్కా!"

"యాడ గెలిచింది? పరుగు పందెంలోనా?"

"ఎగతాళి చేయొద్దు. తిరుత్తణి ఆడపిల్లల బడికి కొత్త హెడ్‌మిస్ట్రెస్‌ని తీస్తా ఉండారు. కమిటీలో నువ్వుండావు. ఇన్‌చార్జిగా చూస్తా ఉండాదే ఆ లెక్కల టీచరు, ఆమెకు లేదంట. నీ పుస్తకంలో మాట చూపించి ఫాదర్ ముడి వేసేసినాడు. ఇంగ పేచ్చే లేదు, మారు మాటే లేదు."

ఆయన ముఖంలో నిజమైన సంతోషం. రోజూ జపమాలలో నా కోసం కూడా ఒక పదిపూసలు తిప్పే మనిషి. "మంచిదన్నా, దేవుడికి స్తోత్రం" అన్నాను. మంచైనా చెడైనా ముందు స్తోత్రం అనడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం ఆ మాట నోట్లోంచి వచ్చి అక్కడే మెట్ల మీద పడిపోయినట్టుగా అనిపించింది. ఆ లెక్కల టీచరు నా స్నేహితురాలు. ఆమెను ఆపిన వాక్యం నాది.

నేను బడిలో చదువుకోలేదు. చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. బడిలో చేర్చిన రోజే బల్ల మీద నుంచి పడితే భయపడి ఇంటికి పంపేశారు. ఇంక రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. ఊత్తుకోట వైపు నుంచి కోడలుగా వచ్చిన మా అమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టి జపాల పుస్తకంతో తెలుగు చదవడం నేర్పింది. పప్పు బాగు చేస్తూ ఎక్కాలు చెప్పించింది. తమిళం వీధి నేర్పింది. పుస్తకం తెరిచేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి కళ్ళకు అద్దుకుని స్తోత్రం చెప్పాలి. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. డిగ్రీ పోస్టులో వచ్చింది. ఆ గడపకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా ఇంటి వెనకాల గుడి, గుడి పక్కన బడి. కంచెకు ఇవతల నిలబడి పిల్లల వరసలు చూసేదాన్ని. చెన్నైలో పరిశోధనకు చేరినప్పుడు, కథోలిక బడిని కథోలిక బడిగా నిలబెట్టేది ఏమిటి, దాని పెద్ద ఎలాంటి మనిషి కావాలి అన్నదే తీసుకున్నాను. మా ప్రొఫెసర్ నవ్వారు. "బడి మెట్టు ఎక్కనిదానివి, బడి పెద్దల గురించి ఏం రాస్తావమ్మా?" అన్నారు. ఎక్కినవాళ్ళకు కనిపించనివి కొన్ని కంచె బయటి నుంచి కనిపిస్తాయని అప్పుడు చెప్పడానికి ధైర్యం లేకపోయింది. ఆయనే దగ్గరుండి పూర్తి చేయించారు. ఆయనకూ స్తోత్రమే.

ఆరణి, శోళవరం, ఊత్తుకోట, ఎక్కడ మన బడి ఉంటే అక్కడికి బస్సెక్కి వెళ్ళేదాన్ని. చివరగా తిరుత్తణి. అక్కడే నా జీవితంలో మొదటిసారి ఉదయపు అసెంబ్లీలో నిలబడ్డాను. ఎక్కడ నిలబడాలో తెలియక గేటు పక్కన ఒదిగితే, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక లెక్కల టీచరు వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"ఇట్ల రా అక్కా. ఆడ నిలబడితే నిన్ను గూడా లేటుగా వచ్చినావని ఎండలో నిలబెడతారు."

నేత కుటుంబంలో పుట్టి నేత కుటుంబంలోకి వచ్చిన మనిషి. నుదుట బొట్టు, చేతిలో సుద్దముక్క. తిరుత్తణిలో నా పరిశోధన సాగినన్నాళ్ళూ వాళ్ళింట్లోనే భోజనం. మగ్గం చప్పుడు మధ్య ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, నేను పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. ఏ పిల్ల తిండి లేకుండా వచ్చిందో, ఏ పిల్ల ఇంట్లో గొడవో ఆమెకు తెలిసేది. బడికి పెద్ద అంటే ఎవరో నేను చాలావరకు ఆమెను చూసే నేర్చుకున్నాను.

తర్వాత కాలేజీలో ఉద్యోగం, సెమినార్లు, వేసవి సెలవుల్లో కాబోయే హెడ్‌మాస్టర్లకు శిక్షణ తరగతులు. మఠాలకు వచ్చే ఆడపిల్లలు తగ్గిపోయారు. సిస్టర్లు, ఫాదర్లు కూర్చున్న కుర్చీల్లోకి మామూలు సంసారులు రావలసిన కాలం వచ్చింది. వాళ్ళు వస్తే బడి స్వరూపం ఏమవుతుందన్న భయం అందరిలో ఉండేది. ఆ భయానికి జవాబుగా నా పుస్తకంలో ఒక వాక్యం రాశాను: బడి ఎక్కడ మోకరిస్తుందో అక్కడే మోకరించే మనిషి దానికి పెద్ద కావాలి.

సన్యాసులే కానక్కర్లేదు, విశ్వాసులైతే చాలు అని చెప్పడానికి రాసిన మాట అది. చాలామంది టీచర్లకు తలుపు తెరిచింది. మా బడి పెద్దను మేమే ఎన్నుకుంటామని ఎయిడెడ్ బళ్ళ యాజమాన్యాలు అధికారులకు చెప్పుకోవడానికీ అదే ఊతమైంది. నమ్మి రాశాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అబద్ధమని తెలిసి ఉంటే కొట్టేసి బయటపడేదాన్ని. నమ్మిన మాటే గోడగా లేచి నిలబడితే మనిషి ఎటు పోవాలి?

కమిటీకి ముందు శనివారం తిరుత్తణి రైలెక్కాను. ఆడి నెల, తిరుత్తణి కొండ మీది సామికి మొక్కులు తీర్చుకునే కాలం. పెట్టె నిండా పసుపు బట్టలు, కావళ్ళు, పాటలు. నాకు కిటికీ దగ్గర చోటు ఇచ్చారు. దిగవలసిన ఊరు రాకుండా ఉంటే బాగుండునని కూర్చున్నాను.

వాళ్ళింటి వాకిట్లో ఆమె అత్త కండెలు చుడుతోంది. నన్ను చూసి రాట్నం ఆపింది.

"రామ్మా, సూదిలేని డాక్టరమ్మా. మా కోడలికి రోగం అంటగడితివంటనే, మందేమన్నా తెస్తివా?"

"అత్తమ్మా, ఊరుకో" అని లోపలి నుంచి టీచరు.

"నేనేమంటిని? మా అన్నం తిని మా కోడలి మీద పుస్తకం రాస్తివే, ఆ అన్నంలో ఉప్పు తక్కువైందా అని అడుగుతా ఉండా. కూచో, కాఫీ తాగు."

కాఫీ తాగాను. ఉపదేశి అన్న అప్పటికే టీచరుకు ఫోన్ చేసి ఒక ఉపాయం చెప్పాడట. జ్ఞానస్నానం తీసుకుంటే ఏ అడ్డూ ఉండదని. ఆ మాట ఎత్తి ఆమె నా ముఖంలోకి చూసింది.

"నువ్వు చెప్పక్కా. తీసుకోమంటావా?"

ఆమె ఏదో ఒకనాడు నా పక్కన మోకరించాలని ఎన్నో ఏళ్ళుగా మనసులో ప్రార్థించిన దాన్ని. ఆ ప్రశ్న ఈ రకంగా నా ముందుకు వస్తుందని ఏనాడూ అనుకోలేదు. అవునంటే నా విశ్వాసానికి ద్రోహం. కాదంటే కూడా ద్రోహంలాగే ఉంది.

ఆమే అంది. "కుర్చీ కోసం తలమీద నీళ్ళు పోయించుకుంటే మీ సామికీ అవమానం, కొండ మీద మా సామికీ అవమానం. ఇద్దరితో పగ నాకెందుకు? ఉండేది చిన్న ఊరు."

అత్త పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. బయటికి వచ్చి వీధి మలుపులో ఏడ్చాను.

కమిటీ బడి పార్లర్‌లో, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గదిలో, కూర్చుంది. కరస్పాండెంట్ ఫాదర్, మఠం పెద్ద సిస్టర్, నేను. బైబిల్ వాక్యం చదివి ప్రార్థన చేసి మొదలుపెట్టాం. మాటలన్నీ తమిళంలోనే. శోళవరం నుంచి ఒక యువ టీచరు, కథోలిక అమ్మాయి, అభ్యర్థిగా వచ్చింది. నేను లెక్కల టీచరు సేవ గురించి చెప్పాను. ఫాదర్ ఓపికగా విన్నారు. ఆ తర్వాత గుడ్ ఫ్రైడే సంగతి ఎత్తారు.

బడి మేడమీద చిన్న ప్రార్థనాలయం ఉంది. పాత హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ మోకాళ్ళ జబ్బుతో మఠానికి వెళ్ళిపోయినప్పటి నుంచి దాని తాళం ఇన్‌చార్జి దగ్గరే. ప్రభువు శరీరంగా మేము కొలిచే అప్పం, దివ్యసత్ప్రసాదం, ఉండే మందసం పక్కన ఎర్రదీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. నూనె చూసేది కూడా ఆమే. పవిత్ర గురువారం సాయంత్రం సత్ప్రసాదాన్ని గుడికి తీసుకుపోతారు. మందసం ఖాళీగా, తలుపు తెరిచి ఉంచుతారు. దీపం ఆర్పేస్తారు. ప్రభువు మరణించిన రోజు ఆ దీపం వెలగకూడదు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఫాదర్ వచ్చి చూస్తే అది నిండుగా వెలుగుతోంది.

ఫాదర్ ఆమెను లోపలికి పిలిపించారు. కోపం లేకుండానే అడిగారు, ఎందుకు వెలిగించావని.

"ఆరిపోయిందనుకుంటి ఫాదర్. దగ్గరికి పోతే తలుపు తెరిచుండాది, లోపల సామి లేడు. మా ఇండ్లలో మనిషి బయటికి పొయ్యుంటే దీపం పెట్టి పెడతాము. తిరిగొచ్చే వేళకు వాకిలి చీకటిగా ఉండకూడదు గదా."

సిస్టర్ తల వంచుకుని జపమాల వెతుక్కున్నారు. ఆమెను పంపించాక ఫాదర్ నెమ్మదిగా అన్నారు.

"మంచి మనసుతో చేసింది, నాకు సందేహం లేదు. కానీ ఆ రోజు చీకటిలో కూర్చోవడమే మన విశ్వాసం. అది తెలియకపోతే పిల్లలకు ఏం చెబుతుంది? ఇది మీరే రాశారు కదా మేడమ్."

ఆయన చెప్పింది తప్పు కాదు. తప్పైతే వాదించేదాన్ని.

"మోకరించే చోటు అన్నాను ఫాదర్. ఈమె మోకరించడం నేను చూశాను. నేల దగ్గరుండే ఆ దీపానికి నూనె పోయాలంటే మోకరించక తప్పదు."

ఆయన బాధగానే నా పుస్తకం తెరిచి పక్క పుట చూపించారు. ఆ మోకరింపు జ్ఞానస్నానంతో మొదలవుతుందని అక్కడ నా అక్షరాల్లోనే ఉంది. బయటికి పోదామని నేను వెతుకుతున్న తలుపుకు ఎప్పుడో నేనే గొళ్ళెం పెట్టుకున్నాను, అదీ మంచి కోసమే.

సిస్టర్ నా చేతి మీద చెయ్యి వేశారు. "మీరే ఆ మాటను సడలిస్తే, దాన్ని పట్టుకుని నిలబడిన బళ్ళు రేపు ఏమని చెప్పుకుంటాయమ్మా?"

సంతకం చేయలేనన్నాను. ఇద్దరు చేస్తే చాలునన్నారు. శోళవరం అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. నా నిరాకరణ ఎవరినీ కాపాడలేదు. ఎవరికీ అడ్డు కూడా కాలేదు.

వెళ్ళబోతుంటే ఫాదర్ వాకిలి దాకా వచ్చి, కొత్త హెడ్‌మిస్ట్రెస్‌కు ఏడాదిపాటు శిక్షణ ఇవ్వాలని కోరారు. నాయకత్వం, బడి స్వరూపం, నా పుస్తకమే పాఠం. కుదరదని చెప్పి లెక్కల టీచరు గదికి పోయాను. ఆమె నల్లబల్ల తుడుస్తోంది.

"కొత్త పిల్లకు నేర్పేదానికి రానని చెప్పొచ్చినా" అన్నాను.

"యాల? పిచ్చా నీకు? ఆ పిల్లను చూస్తివా, మైకు పట్టుకుంటే చెయ్యి గడగడ వణుకుతుండాది. నువ్వు నేర్పకపోతే మన పిల్లలు దాన్ని నమిలి మింగేస్తారు. శనివారం శనివారం రా. మా ఇంట్లోనే తిను. అత్తమ్మ నోరు నేను చూసుకుంటా."

ఆమె కోపగించి ఉంటే నాకు ఒక దారి ఉండేది. అలా అనేసరికి అదీ మూసుకుపోయింది.

ఇప్పుడు ప్రతి శనివారం వెళుతున్నాను. కొత్త హెడ్‌మిస్ట్రెస్ మంచి పిల్ల, శ్రద్ధగా రాసుకుంటుంది. నా మీద గౌరవంతో ఆ వాక్యాన్ని అందంగా రాయించి ఆఫీసు గోడకు పెట్టించింది. దాని కిందే కూర్చుని పాఠం చెబుతాను. గోడకు అవతలి గదిలో వెనకబడ్డ పిల్లలకు లెక్కల స్పెషల్ క్లాసు జరుగుతూ ఉంటుంది. నా స్నేహితురాలి గొంతు మధ్య మధ్యలో నా మాట మీదికి వస్తుంది. నేను ఆగిపోతాను. "ఏం మేడమ్?" అంటుంది ఆ అమ్మాయి. ఏమీ లేదని మళ్ళీ మొదలుపెడతాను. స్తోత్రం చెప్పడం మానలేదు. ఇంత అన్నం, ఇంత స్నేహం, ఇంత చదువు ఇచ్చినందుకు చెబుతాను. ఈ గదిలోంచి బయటికి దారి చూపమని కూడా అడుగుతాను. ఇంకా చూపలేదు.

ఇది చదివేవారిని ఒక్కటి అడుగుతున్నాను. పూజలో, బతికున్నవారిని తలుచుకోవడానికి ఫాదర్ కాస్త మౌనంగా ఆగే చోటు ఒకటి ఉంది. గుడికి రానివారికి ఏ కొండకో మొక్కే చోటు ఉంటుంది, ఏమీ మొక్కనివారికి కూడా ఊరికే నిలబడే ఒక క్షణం ఉంటుంది. అప్పుడు తిరుత్తణిలోని ఒక లెక్కల టీచరును తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు.