ఊరు ఎత్తని ఆకు

నాకు సంతకం పెట్టేది మాత్రమే వచ్చు. నేను చెప్తా ఉంటే నా మనవరాలు రాస్తా ఉండాది. బతికుండే మనిషి ఎవురికీ ఈ మాట ఇంతవరకూ చెప్పలేదు.

ఆంధ్రా వేరే పోయి, మా హోసూరు తాలూకా మదరాసులోనే నిలిచిపోయిన కాలం. మాది బేరిగై పక్క చిన్న ఊరు. మేము కూలోళ్లం. ఊరోళ్ల ఇండ్లల్లో పెండ్లి కానీ, దినం కానీ, అందరూ తిని లేసినాక మాకు పెరట్లో పెట్టేవాళ్లు. తిన్న ఆకు మాది మేమే ఎత్తుకోవల్ల. ఊరోళ్లు తిన్న ఆకులూ మేమే ఎత్తవల్ల. పుట్టినకాణ్నించీ అంతే, అందుకని అది తప్పని మాకూ తోచలేదు.

ఆ ఏడు జెండా పండగకి కృష్ణగిరి నుంచి ఒక నాయకుడు జీపులో వచ్చినాడు. బడి ముందర జెండా ఎగరేసి అరవంలో మాట్లాడినాడు. అరవం, తెలుగు, కన్నడం ఏది మాట్లాడినా, ఏ కులంలో పుట్టినా, ఈ దేశానికి అందరూ ఒక కడుపు బిడ్డలే అన్నాడు. ఊరంతా ఒకే బంతిలో కూర్చుని తినవల్ల అన్నాడు. ఊరిపెద్ద కాదనలేక తల ఊపి, బడి ముందరే ఆకులు ఏపిచ్చినాడు. నాయకుడు మా ఆయన్ని చెయ్యి పట్టి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఇంకో పక్క ఊరిపెద్ద. మా ఆయన సగం అన్నం ఆకులోనే వదిలేసినాడు. నేను దూరం నుంచి చూస్తానే ఉండాను.

తిన్నాక మా ఆయన అలవాటుగా ఆకు మడిచి ఎత్తబోయినాడు. నాయకుడు ఆపినాడు.

"ఇయాల నువ్వు ఎత్తొద్దప్పా. ఊరు ఎత్తుతాది."

జీపు పోయింది. ఊరోళ్లు ఎవురి ఆకు వాళ్లే ఎత్తుకున్నారు. నాయకుడిది ఊరిపెద్దే ఎత్తినాడు. మా ఆయనది మాత్రం ఆడనే ఉండె. గాలికి పోకుండా ఎవురో దాని మీద ఒక రాయి పెట్టినారు.

మరుసటి దినం మమ్మల్ని కలుపుకి పిలవలేదు. ఆ మరుసటి దినమూ లేదు. మా ఆయన పొద్దన్నే బడి కాడికి పోయి చూసి వచ్చేవాడు. నేను అడగకముందే "ఉండాదిమ్మే" అనేవాడు. కోపం లేదు ఆయనకి. జరం తగ్గుతాదని బిడ్డ పక్కన కాచుకున్నట్టు కాచుకున్నాడు. అంత పెద్దాయన చెప్పినాడు, ఎత్తకుండా యాడికి పోతారు అనేవాడు.

మూడో దినం రాగులు అడుక్కుందామని ఊరిపెద్ద ఇంటి పెరట్లోకి పోయినాను. ఆయన పెండ్లాం చేటలో చెరుగుతా, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ ఆకు మీరే ఎత్తేస్తే రేపే పనికి రావచ్చమ్మే. ఆ నాయకుడు దినమూ వచ్చి మీకు సంగటి పెడతాడా?"

ఇంట్లో ఇద్దరు బిడ్డలు. తెల్లారుతానే పోయినాను. రాయి తీసినాను. అన్నం ఎండి గవ్వలమాదిరి అయిపోయి ఉండె. చీమలు చేతికెక్కినాయి. ఆకు కొంగులో చుట్టుకుని పోయి ఎరువు దిబ్బలో పూడ్చేసినాను.

కొంచేపటికి మా ఆయన బడి కాడ నుంచి పరిగెత్తి వచ్చినాడు. అట్లా నవ్వింది మా పెండ్లిలో కూడా నేను చూడలేదు.

"ఎత్తేసినారమ్మే. ఎవురు ఎత్తినారో చూసినావా?"

"ఊరిపెద్దే మనిషిని పంపిచ్చినాడు. చూసినాను."

తెలీదు అని చెప్పి ఉంటే సరిపోయె.

ఆ వారం సంతకి పోయి, మా ఆయన బేరిగైలో కాపీ క్లబ్బు బల్ల మీద కూర్చున్నాడంట. మాకు బయట నిలబెట్టి కొబ్బరి చిప్పలో కాపీ పోసేవాళ్లు. క్లబ్బాయన లెయ్యప్పా అంటే, మా ఊరే నా ఆకు ఎత్తింది, నువ్వు నాకు లోటా ఇయ్యవా అన్నాడంట. మా ఊరోళ్లు నలుగురు ఆడ ఉండారు. పడీపడీ నవ్వినారంట. ఎత్తింది ఎవురో వాళ్లకి తెలుసు. ఆయనకి చెప్పినారో, ఉత్తనే నవ్వినారో, ఈ పొద్దుకీ నాకు తెలీదు.

ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. తట్టలో సంగటి పెడితే తిన్నాడు. నేను తట్ట కోసరం చెయ్యి చాపితే, తనే ఎత్తుకుని పోయి కడిగి బోర్లించినాడు. ఆ దినం మొదలు ఆయన తిన్న తట్ట నన్ను ముట్టనియ్యలేదు. కొట్లాట లేదు, తిట్టు లేదు. తక్కిన అన్నిట్లో మంచిగానే ఉండె. ఓట్లకి అదే నాయకుడు మళ్లా వస్తే ఈయన జీపు కాడికి పోలేదు. తెలిసి కడుగుతా ఉండాడా, తెలీకనా? అడిగితే తేలిపోతాదని అడగలేదు. పదేండ్లు, రెండు పూటలా, నీళ్ల తొట్టి కాడ ఆ తట్ట చప్పుడు విన్నాను.

ఆయన పోయే దినం గంజి పట్టించినాను. రెండు గుక్కలు తాగినాడు. చేతుల్లో సత్తువ లేదు, అయినా గిన్నె వదల్లేదు. చెప్పేద్దామని నోరు తెరిచినాను. ఆయన నన్ను చూడకుండా గిన్నెనే చూస్తా ఉండె. అట్లనే పానం పోయింది.

ఒక్కొక్క వేలూ ఊడదీసి గిన్నె తీసుకున్నాను. ఆ ఆకు ఎత్తింది నేనే అని అప్పుడు చెప్పినాను.