వెదురుతో అల్లిన సూక్ష్మజీవి గుమ్మం

ముందే చెప్పేస్తాను, తప్పు నాదే. బొమ్మ ఉన్న, అటునుంచి ఇటు కనబడే ప్లాస్టిక్ షీటుని తిరగేసి అంటించాను. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి కనబడితే నాకే తెలిసిపోయేది. కానీ తాతకి ఇంగ్లీషు రాదు కదా, ఎందుకులే అని వాటిని ముందే కత్తిరించి పారేశాను. సాలూరు బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు పెట్టుకుని, జిరాక్సుకి వచ్చిన ప్రతి కాగితమూ చదివేసి, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేవాడిని. దెబ్బ తగలాల్సింది నాకు. తగిలింది యర్రయ్య తాతకి. ఆ మంట నాకింకా చల్లారలేదు.

యర్రయ్య తాతది పాచిపెంట పైన కొండమీద ఊరు. వెదురు బుట్టలు అల్లి వారం వారం సంతకి దించుతాడు. బుట్టని వేళ్ళతో నొక్కి చూసినవాళ్ళంటే కోపం. నొక్కకుండా కొనేవాళ్ళంటే ఇంకా కోపం, వీళ్ళకి బుట్ట అంటే ఏటో తెలీదని. ఫారెస్టు గార్డు వెదురు మోపు ఆపితే తిడతాడు. ఆపకపోతే, ఈడేటి ఇవాళ ఆపలేదు అని దారంతా గొణుక్కుంటాడు.

"ముసిలోడికి కోపం రాలేదంటే జొరం ఒచ్చినట్టే బాబు, ఒళ్ళు ముట్టుకుని సూడాల" అంటుంది ఆయన భార్య రత్నాలమ్మ.

తొంభైల చివర్లో సాలూరు నుంచి వ్యానులో రంగురంగుల ప్లాస్టిక్ తట్టలు సంతకి దిగాయి. తాత నేరుగా వెళ్ళి ఒక ఎర్ర తట్టలో టీ కొట్టు నిప్పులు కుమ్మరించాడు. తట్టకి బెజ్జం పడింది. వ్యానువాడు తిట్టలేదు, నవ్వాడు.

"నీ బుట్టలో ఎయ్యి తాతా, అదేటవుద్దో సూద్దాం."

"నా బుట్ట కాలితే బూడిదవుద్ది. నీది కాలితే ఊరంతా ముక్కు మూసుకోవాల."

జనం నవ్వారు. తరవాత వ్యాను దగ్గరికే వెళ్ళి తట్టలు కొనుక్కున్నారు. నేనూ ఒకటి కొన్నాను, ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లో కూడా ఆయన వంకర బుట్ట అమ్మలేదు. అంచు కాస్త పక్కకి పోయినా సరే, నరికి పొయ్యిలో పెట్టేవాడు. వంకర పని గడప దాటకూడదు, అంతే. ఆయనింట్లో నేను తాగిన చోడి అంబలి సగం అలాంటి బుట్టల మీద ఉడికిందే. సంతలో నాకైతే ఆ బుట్టల్లో వంకర ఎక్కడుందో కనబడేది కూడా కాదు.

రెండువేల నాలుగులో మా ఊరి కాలేజీలో బయాలజీ చెప్పే బిందుమాధవి మేడమ్ ఒక బొమ్మ తెచ్చారు, ప్లాస్టిక్ షీటు మీద వేసిపెట్టమని. సూక్ష్మజీవి ఒంటి పొరలో ఉండే ప్రొటీన్ అది. పాలల్లోని చక్కెరని లోపలికి చేరవేస్తుంది. విజయనగరం సైన్సు ఫెయిర్‌కి దాన్ని నిలువెత్తున థర్మకోల్‌తో చేయిద్దామనుకున్నారు. వెదురైతే బాగుంటుంది మేడమ్, అన్నాను. అలా ఆ షీటు కొండెక్కింది.

"ఏటిరా ఇది, జిలేబీయా?" అన్నాడు తాత.

"కంటికి కనబడని పురుగు ఒంట్లో గుమ్మం తాతా. పన్నెండు మెలికలు. ఇటు ఆరు, అటు ఆరు. బయటివైపు తెరిస్తే లోపలివైపు మూసుకుంటుంది. రెండువైపులా ఒకేసారి తెరుచుకోదు."

"పురుక్కి తెలిసింది నీకు తెలీదేట్రా? ఎప్పుడొచ్చినా నా తలుపు బార్లా తీసొగ్గేసి పోతావు."

"దీన్ని చూడ్డానికి పటికబెల్లంలా గడ్డ కట్టించి, అందులోకి ఎక్స్‌రే పంపారట. గడ్డ కట్టించడానికే ఏళ్ళు పట్టిందట."

"ఏళ్ళా" అన్నాడు. మొదటిసారి ఆ షీటుని మర్యాదగా పట్టుకున్నాడు. "ప్లాస్టికోడు సెయ్యగలడేటి ఇది?"

"చెయ్యలేడు."

"అయితే నాను సేత్తాను. సూత్తారు పట్నపోళ్ళు."

వెలుగు పడేలా షీటుని గుమ్మానికి అంటించింది నేను. తాత దాన్నే చూస్తూ అల్లాడు. ఆ ఏడాది సంతకని కొట్టిపెట్టుకున్న వెదురంతా దానికే పోసేశాడు. బద్దలు చీరి, తడిపి, మెలితిప్పి, పొయ్యి మీద పొగలో ఆరబెట్టాడు. అలా ఆరిన మెలిక మళ్ళీ తిరగదు, తిప్పితే విరుగుతుంది.

ఫెయిర్‌కి ముందురోజు మేడమ్ జీపు వేసుకుని వచ్చారు. మెలికల మధ్యలోకి దూరి, చేత్తో తడిమి, చిన్నపిల్లలా నవ్వారు. తరవాత నవ్వు ఆగింది. బ్యాగులోంచి కాగితం తీశారు.

"బుజ్జిబాబూ, ఇవన్నీ ఎడమకి తిరిగాయి."

గుమ్మానికున్న షీటుని పీకి, తిరగేసి కాగితం పక్కన పెట్టి చూశాను.

"ప్రొటీన్లలో ఈ మెలిక కుడికి తిరుగుతుంది. మనలో అయినా, పురుగులో అయినా. ఇది అద్దంలో నీడలాంటిది" అని తాత వైపు తిరిగారు. "పరవాలేదు తాతగారూ, చూసేవాళ్ళకి తెలియదు. మీ పేరు చెప్పనులెండి."

"నా పేరు సెప్పకపోతే అది సరయిపోద్దేటమ్మా?"

ఆ మాట మెల్లగా అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చూరులోంచి కత్తి తీశాడు.

"తాతా, ఒక్క అరగంట ఆగు" అని జీపెక్కి పాచిపెంట దిగాను. మంగలి షాపులో గోడకున్న నిలువుటద్దం, షాపతను వద్దు వద్దంటున్నా, ఊడదీసి తెచ్చాను. మెలికల ముందు నిలబెట్టాను. అద్దంలో పన్నెండూ కుడికి తిరిగి నిలబడ్డాయి. మేడమ్ ఒక్కొక్కటీ చూసి, చప్పట్లు కొట్టినంత పని చేశారు. బొమ్మ కనబడకుండా జనం వైపు గుడ్డ అడ్డం కడదాం, జనానికి అద్దమే చూపిద్దాం, అన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తాత అద్దంలోకి చూశాడు. బొమ్మని చూశాడు. విజయనగరంలో పట్నంవాళ్ళందరూ దీన్ని చూడాలని మాలో అందరికంటే ఎక్కువ ఆశపడింది ఆయనే. రత్నాలమ్మ "ఒగ్గీ, ఎల్లనీ" అంది. ఆయన వినలేదు. మొదటి మెలిక మీద కత్తి పడింది, తరవాత రెండోది. పన్నెండూ నేల మీద పడేదాకా ఆగలేదు. మేడమ్ ఏడుస్తూ జీపెక్కారు.

నాకు ఒళ్ళు మండింది. నా తప్పుకి ఆయన ఏడాది వెదురు పోయింది. దాన్ని నేనెలాగోలా నిలబెడితే, ఆయన నరికేశాడు.

"ఎందుకు నరికేశావు తాతా? అద్దంలో సరిగ్గానే ఉంది కదా. ఇంకేం కావాలి నీకు?"

తాత కత్తిని పంచెకి తుడుచుకుని, నా పక్కన ఇంకా నిలబడే ఉన్న అద్దం వైపు గడ్డం ఎగరేశాడు.

"అద్దంలో నువ్వూ మనిసిలాగే ఉన్నావురా గుంటడా."