కంప్యూటర్‌ను సతాయించిన చిన్న కోడలు

గద్వాలలోని మా బావ మిషన్ షెడ్డులో ఆడవాళ్లు అడుగుపెట్టేది దసరాకు ఆయుధపూజ నాడు మాత్రమే. అలాంటి షెడ్డులో ఇనుమును చెక్కే మిల్లింగ్ మిషన్‌ను కంప్యూటర్‌తో నడిపించే పని నాకు దక్కిందంటే, ఎవరో దయతలచి ఇచ్చారనుకునేరు. అదేం లేదు. కొట్లాడి తెచ్చుకున్నాను.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం మాట. వనపర్తిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. మా ఆయన లేతు పనిలో దిట్ట, కానీ షెడ్డు వాళ్ల అన్నయ్యది, అంటే మా బావది. మా ఇళ్లలో చిన్న కోడలు బావ ముందు కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయనా మాట్లాడడు. ఇద్దరం ఒకే గదిలో నిలబడి ఉన్నా మాట మా ఆయన మీదుగానే అటూ ఇటూ పోవాలి.

మూలన పడి ఉన్న పాత మిల్లింగ్ మిషన్‌కు చేతి పిడులు తీసి మోటార్లు బిగిస్తే కంప్యూటరే నడిపిస్తుందనీ, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందనీ నేను పట్టుబట్టాను. బావ నెలల తరబడి విని విని, చివరికి హైదరాబాద్ పోయి కొత్త కంప్యూటర్ తెచ్చాడు. తెచ్చి, నా ముందే మా ఆయనతో అన్నాడు: "నాగర్‌కర్నూల్ సేటు పల్లీలు విత్తే గొర్రుకు ప్లేట్లు జేయమంటుండు. మీ ఆమెను ఒక్కటి సాఫ్‌గ చేసి సూపియ్యమను. మంచిగయితే షెడ్డుల పనిజేసుకోనీ. చెడగొడితే మల్ల ఇటు దిక్కు రావొద్దు."

ఆ ప్లేటు గుండ్రంగా ఉంటుంది. అంచు చుట్టూ గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో పల్లీ గింజ. గాడుల మధ్య ఎడం సమానంగా ఉంటేనే చేనులో మొలకలు సమానంగా వస్తాయి. కంప్యూటర్ ఏమో మోటారుకు డప్పు దెబ్బల్లా వరసగా సంకేతాలు పంపుతుంది. అది ఇంకో పనిలో పడి ఒక్క దెబ్బ ఆలస్యం చేసినా మోటారు తడబడుతుంది, ప్లేటు చుట్టివచ్చేసరికి చివరి గాడి మొదటిదానితో కుదరదు. ఈ ఆలస్యంలో వచ్చే హెచ్చుతగ్గులనే జిట్టర్ అంటారు. దాన్ని కొలిచే పరీక్ష ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. పెడితే తెర మీద ఒక అంకె కనిపిస్తుంది, అప్పటిదాకా జరిగిన ఆలస్యాల్లో అన్నిటికన్నా పెద్దది. ఒకసారి పెరిగిందా, ఇక దిగదు.

ఆ పరీక్షను బావ ఎట్లా పెట్టించాడో చెబితే ఇప్పటికీ నాకు నవ్వాగదు. కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లేతులన్నీ ఆపించి, "ఎవ్వరూ ముట్టకుండ్రి, పక్కకు జరగుండ్రి" అని అందర్నీ దూరంగా నిలబెట్టాడు. అంకె బుద్ధిగా చిన్నగానే ఉంది. బావ ముఖం వెలిగిపోయింది. జిలేబీ తెప్పించి అందరికీ పంచాడు. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నిద్రపోయేటోన్ని జూసి బుద్ధిమంతుడంటరా?" అన్నాను మా ఆయన వైపు తిరిగి, బావకు వినపడేటట్టే. పోయి మౌస్ పట్టుకున్నాను. తెర మీద విండోలు, అంటే కిటికీలు, ఒకదాని మీద ఒకటి తెరిచి అటూ ఇటూ ఈడ్చాను, సినిమా సీడీ కాపీకి పెట్టాను, పాట పెద్దగా పెట్టాను. అంకె ఒక్కసారిగా ఎక్కడికో ఎగిరిపోయింది. జిలేబీలు ఎవరి చేతుల్లో వాళ్లకే ఉండిపోయాయి.

"అరే, కొత్తదాన్ని గట్ల సతాయిస్తే అదేం జేస్తది? జర నిమ్మలంగ వాడుమను!" అన్నాడు బావ తమ్ముడితో.

"అంగట్ల ఎద్దును కొనేముందు బండికి కట్టి జూడరా? గాటికాడ నిలబడ్డదాన్ని జూసి కొంటరా, అడుగు!" అన్నాను. మా ఆయన పాపం, అడకత్తెరలో పోకచెక్క. చేరవేసే అవసరం లేకుండానే బావ చరచరా బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎన్ని రోజులు దాని ముందు నిలబడ్డానో. కరెంటు పొదుపు కోసం అది తనంతట తాను చేసుకునే పనులను ఒక్కొక్కటే ఆపడం, మళ్లీ పరీక్ష పెట్టడం, మళ్లీ సతాయించడం. రాత్రి షెడ్డు ఖాళీ అయ్యాక మా అత్తమ్మను తీసుకొచ్చి, పీట మీద కూర్చోబెట్టి భక్తి సినిమా పెట్టాను. సినిమా నడుస్తుంటే నేను అంకె చూసేదాన్ని. "ఇంత మంచి పని మీ బావ ఎందుకు వద్దంటుండే?" అని అడిగిందావిడ. ఎంత చేసినా కిటికీలు ఈడ్చినప్పుడల్లా అంకె ఎగురుతూనే ఉంది. తెరకు బొమ్మ పంపే భాగం కంప్యూటర్ మెయిన్ బోర్డులోనే కలిసి ఉండి, మిగతా పనికి అడ్డం పడటం వల్ల అని చివరికి పట్టుకున్నాను. వనపర్తిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే నా క్లాస్‌మేట్ దగ్గర్నుంచి ఆ బొమ్మల పనిని విడిగా చూసుకునే పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి వేశాను. పొద్దంతా సతాయించినా అంకె ఇక కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. బంగారు గాజులు చేయించినా అంత సంబరపడేదాన్ని కాను.

సేటు వచ్చిన రోజు, మా ఆయన మోటార్లు బిగించి పెట్టిన మిషన్ మీద ప్లేటు ఎక్కించి నడిపించాను. సగం గాడులయ్యాయో లేదో, ఆ సేటు ఊరుకోక "ఇదేంది?" అంటూ మౌస్ పట్టి అటూ ఇటూ తిప్పేశాడు. తెర మీద కిటికీలు పరుగులు తీశాయి. మా ఆయన ముఖం తెల్లబోయింది. బావ సేటును ఆపడానికి చెయ్యెత్తబోయి, నా వైపు చూశాడు. నేను కదల్లేదు. మిషన్ కూడా తడబడలేదు.

ప్లేటు విప్పి సేటుకు ఇచ్చాం. ఆయన తన నమూనా ప్లేటును దాని మీద పెట్టి, వెలుతురుకు ఎత్తి, గాడి గాడికీ తిప్పి చూశాడు. చివరి గాడి దగ్గర కూడా రవ్వంత తేడా లేదు. "మంచిగున్నది. మిగతాయి ఎప్పుడిస్తరు?" అని బావనడిగాడు.

బావ ఇటు తిరిగి, "ఎన్ని దినాలు వడ్తదమ్మా?" అన్నాడు.

మా ఆయన అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, "ఎన్ని దినాలు..." అని మొదలుపెట్టాడు.

"అరే, నువ్వు ఆగు. ఆమెనే అడిగిన," అన్నాడు బావ.

కొంగు సర్దుకుని, మొదటిసారి ఆయన ముఖంలోకి చూస్తూ, "వారం దినాలు బావా," అన్నాను.