ఇడ్లీ రేకుల్లో పన్నెండు బేరింగులు

మా ఆయన కారు ఇంజన్ పగిలిపోతే బాగుండునని నేను ఇరవై రెండు రోజులు కోరుకున్నాను. కోపంలో ఒకసారి అనుకుని మరిచిపోవడం కాదు. పొద్దున పళ్ళు తోముకుంటూ అనుకున్నాను, ఆఫీసు క్యాబులో కూర్చుని అనుకున్నాను, దేవుడి ముందు దీపం వెలిగించి కూడా అదే అనుకున్నాను. ఇది జరిగి రెండేళ్ళయింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ కారు మా ఇంటికి వచ్చేటప్పటికే దాని వయసు పదకొండేళ్ళు. జర్మనీ బండి, రెండే సీట్లు, ముదురు నీలం రంగు. బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక డాక్టరు గారు వాడి వాడి అమ్ముతుంటే మా ఆయన కొన్నాడు. కుందలహళ్ళిలో మేముండే అపార్టుమెంటు బేస్‌మెంటులో దాన్ని నిలబెట్టి, నన్ను కిందికి పిలిచి, పైనున్న గుడ్డ కవరు తీసి చూపించాడు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అతని మొహం అంతగా వెలగలేదు. నేను "బాగుంది" అన్నాను. నా అసూయ ఆ క్షణమే మొదలైంది.

ఆడదాని మీద అసూయ పడితే దానికో మర్యాద ఉంటుంది. నలుగురూ మన పక్కన నిలబడి అయ్యో అంటారు. కారు మీద అసూయ అంటే నవ్వుతారు. కబ్బన్‌పేటలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్తే ఏమందో తెలుసా? "తాగేది లేదు, తిరిగేది లేదు, కారు తుడుచుకుంటా ఇంట్లోనే ఉండాడు. నీకేం వచ్చిందే రోగం?" మా అమ్మకి అల్లుడంటే ప్రాణం. గుంటూరు నుంచి వచ్చినవాడు కాబట్టి నోరు ఎక్కువ ఉంటుందని భయపడింది, తీరా చూస్తే మెత్తగా ఉన్నాడని మురిసిపోయింది.

మెత్తగానే ఉంటాడు. అదే నా బాధ. గొడవ పడితే కనీసం నావైపు చూస్తాడు. ఇతను ప్రేమగా తల ఊపి బేస్‌మెంటులోకి దిగిపోతాడు. పొద్దున స్టార్ట్ చేశాక మూడు నిమిషాలు బండి కదిలించడు. ఆయిల్ వేడెక్కాలట. ఆ మూడు నిమిషాలూ తల ఒక పక్కకి వాల్చి ఇంజన్ చప్పుడు వింటాడు. మధ్యలో నేను మాట్లాడితే అరచెయ్యి ఎత్తి ఆపుతాడు. నేను కాఫీలో చక్కెర మానేసి ఏడాదిన్నర దాటింది, ఇప్పటికీ ఒకటిన్నర చెంచా వేసి తెచ్చిస్తాడు. దాని నాలుగు టైర్లలో గాలి ఎంతెంత ఉందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చివరికి మా ఇంట్లో పాత ఇడ్లీ రేకులు మూడు కూడా దానికే పోయాయి. విప్పిన బోల్టులు వరస తప్పకుండా పెట్టుకోవడానికి ఆ గుంటలు బాగా పనికొస్తాయట. "పాతవే కదా" అన్నాడు. పాతవే. కానీ అవి మా అమ్మ ఇచ్చినవి.

ఇక బేరింగుల సంగతి. కె.ఆర్.పురం రైల్వే స్టేషను వెనక వీధిలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ ఇలాంటి బళ్ళే చూస్తాడు. మా కబ్బన్‌పేట వైపు మనిషే, తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు. నన్ను అక్కా అంటాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళినప్పుడు మా ఆయనకి చెప్పాడు.

"ఈ మోడల్‌కి ఒకే ఒక రోగం ఉండాది సార్. ఇంజన్ కింద ఉండే బేరింగులు. లోపల అరిగిపోతా ఉన్నా బయటికి ఏమీ తెలీదు. సౌండు వచ్చినాక చేసేకి ఏమీ ఉండదు. సౌండు రాకముందే మార్చుకోవాల."

"ఏమీ కాకముందే విప్పేదేంది?" అని అడిగాను.

"అయినాక విప్పితే ఇంజన్ మిగలదు అక్కా."

బేరింగు అంటే లోపల గోళీలు తిరిగే చక్రం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఇవి అవి కావు. చేతి గాజుని సగానికి విరిచినట్టుండే పలచటి లోహపు రేకులు. ఇంజన్‌లో తిరిగే ఇరుసుకీ, దాన్ని తిప్పే రాడ్డుకీ మధ్య ఉంటాయి. ఆరు సిలిండర్లకి ఒక్కోదానికి రెండు చొప్పున పన్నెండు. అవి అరిగిపోతే ఇనుము ఇనుముని కొరుకుతుంది. రాడ్డు విరిగి, ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. విప్పాలా వద్దా అన్నది తేలడానికి ముందు ఆయిల్ పరీక్ష చేయిద్దామన్నాడు మెకానిక్. బేరింగు అరిగి ఉంటే దాని పొడి ఆయిల్లో కనిపిస్తుందట.

ఆ ఆయిల్ సీసా ల్యాబులో ఇచ్చి వచ్చింది నేనే. మా ఆయనకి ఆరోజు మీటింగులు. పసిబిడ్డ రక్తం పరీక్షకి ఇచ్చినట్టు పది జాగ్రత్తలు చెప్పి నా చేతికిచ్చాడు. కౌంటరు దగ్గర ఫోన్ నంబరు అడిగారు. మీటింగులో ఉంటే అతను ఎత్తడు కదా అని నా నంబరు ఇచ్చాను. అంతకు మించి ఏ దురుద్దేశమూ లేదు, ఆ రోజు వరకూ.

వారం తర్వాత రిపోర్టు నా ఫోనుకి వచ్చింది. క్యాబులో చదివాను. రాగి, సీసం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. బేరింగులు వెంటనే విప్పి చూడండి, అంతవరకూ బండి వేగంగా నడపకండి అని కింద ఎర్ర అక్షరాల్లో ఉంది. అది చదవగానే నాకు మొదట తట్టింది ఇంజన్ కాదు. మరో మూడు వారాల్లో మా పెళ్ళిరోజు.

పెళ్ళి కుదిరాక, ముహూర్తానికి ముందు, మా ఇంట్లో చెప్పకుండా మేమిద్దరం అతని మోటారు సైకిలు మీద, దోశలకి పేరున్న ముళబాగిలు ఊరు వెళ్ళి తిని వచ్చాం. వెన్న కారుతున్న దోశ, వేలు పెడితే కాలేది. తిరుగు దారిలో వాన పడింది. ఒక పెట్రోలు బంకు కింద నిలబడి గంటసేపు ఏవేవో మాట్లాడుకున్నాం. పెళ్ళయ్యాక మళ్ళీ వెళ్దామని మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. ప్రతిసారీ కారు పని ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈసారి మాటిచ్చాడు. ఈ రిపోర్టు చూపిస్తే ఆ ఆదివారం, దాని వెనక వచ్చే నాలుగు ఆదివారాలు, కె.ఆర్.పురం షెడ్డులో కలిసిపోతాయి.

"రిపోర్టు వచ్చిందా?" అని ఆ సాయంత్రం అడిగాడు.

"ఇంకా లేదు," అన్నాను. నాలుక తడబడలేదు. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ, ల్యాబులో ఆలస్యమవుతోందట అన్నాను.

పగిలితే బాగుండునని లోపల అనుకుంటూనే, మొదట్లో ఆ ప్రయాణం కోసమే దాచానని నాకు నేను చెప్పుకున్నాను. పది రోజులు గడిచేసరికి నా బుద్ధి ఇంకా కిందికి దిగింది. విరిగిన ఇంజన్ల ఫోటోలు వెతికి చూడడం మొదలుపెట్టాను. కన్నం పడిన ఇంజన్లు, వంకర పోయిన రాడ్లు. ఎదుటివాళ్ళ నగలు చూసినట్టు మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ వారంలోనే నాకు జ్వరం వచ్చింది. మాత్రలు తెచ్చి, నుదురు తాకి చూసి, దుప్పటి కప్పాడు. బయట గట్టిగా వాన మొదలైంది. బేస్‌మెంటులోకి నీళ్ళు వస్తున్నాయేమో చూసొస్తానని వెళ్ళి ముప్పావుగంట రాలేదు. ఆ ముప్పావుగంటా జ్వరంతో పడుకుని దాని చావు కోరుకున్నాను.

పెళ్ళిరోజు ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. కె.ఆర్.పురంలో బండి ఆపి మల్లెపూలు కొన్నాడు. నేను అడగలేదు. సీట్లోకి వంగి నా చేతికిచ్చి, "రిపోర్టు రాకుండా బయటికి తియ్యకూడదనుకున్నా. కానీ ఎన్నిసార్లు అడిగావు నువ్వు, ఇంక పోస్ట్‌పోన్ చెయ్యలేను," అన్నాడు. పూలు తలలో పెట్టుకున్నాను. ఇరవై రెండు రోజులుగా పగిలిపోవాలని నేను కోరుకున్న ఇంజన్ మా ఇద్దరి కాళ్ళ ముందే తిరుగుతోంది. దాని మీద పగ తీర్చుకుంటున్నానని అనుకుంటూ అతన్ని తెచ్చి అందులో కూర్చోబెట్టానని అప్పుడు వెలిగింది నా బుర్రలో.

అయినా చెప్పలేదు. చెప్తే వెనక్కి తిప్పుతాడు. మెల్లగానే పోతున్నాం కదా, ఏమీ కాదులే, దోశ తిన్నాక చెప్తాను అనుకున్నాను. అతని లాగే తల వాల్చి ఇంజన్ చప్పుడు వినడం మొదలుపెట్టాను. జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒకే చప్పుడు వింటున్నాం.

హొసకోట దాటాక రోడ్డు ఖాళీ అయింది. అతను నావైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఇప్పుడు చూడు," అని కాలు తొక్కాడు. సీటు నా వీపుని ముందుకి తోసింది. మీటరులో ముల్లు పైకి లేస్తోంది. ఎర్ర గీత వైపు పోతోంది.

"ఆపు," అన్నాను. "రిపోర్టు వచ్చింది."

అతను కాలు తీశాడు. బండి రోడ్డు పక్కకి తెచ్చి, ఇంజన్ ఆపి, చెయ్యి చాపాడు. ఫోను ఇచ్చాను. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"ఎప్పుడొచ్చింది?"

"ఇరవై రెండు రోజులైంది."

బండిని ఎక్కించుకుపోయే లారీకి ఫోన్ చేశాడు, తర్వాత మెకానిక్‌కి చేశాడు. నేను "ఎందుకు" అన్న మాట కోసం ఎదురు చూశాను. లారీ వచ్చింది. డ్రైవరు పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. అతను దారి పొడుగునా మెడ తిప్పి వెనక అద్దంలోంచి కారుని చూస్తూనే ఉన్నాడు. తలలో మల్లెపూలతో, పట్టుచీరలో, ముళబాగిలుకి ఇంకా డెబ్బై కిలోమీటర్లు ఉండగా, నేను లారీలో కె.ఆర్.పురం తిరిగి వచ్చాను. అప్పుడు కూడా సిగ్గుకన్నా మంటే ఎక్కువగా ఉంది, అతను వెనక్కి చూస్తున్నాడని.

ఆ వారమంతా మాట్లాడాడు, వంట బాగుందన్నాడు, బట్టలు ఆరేశాడు. ఎందుకు దాచావని మాత్రం అడగలేదు. నేను మాత్రం జవాబు తయారు చేసుకుని కూర్చున్నాను. స్నానం చేస్తూ దాన్ని సరిదిద్దుకున్నాను కూడా.

శనివారం షెడ్డుకి ఇద్దరం వెళ్ళాం. బండి పైకెత్తి ఉంది. మెకానిక్ దాని కింద నిలబడి ఒక్కొక్క బేరింగు తీసి, తుడిచి, వరసగా పెడుతున్నాడు. నా ఇడ్లీ రేకుల్లో. మూడు రేకులు, రేకుకి నాలుగు గుంటలు, పన్నెండు బేరింగులు. ఒక్కొక్క గుంట పక్కన మార్కరుతో సిలిండరు నంబరు రాసి ఉంది. మొదటివి బూడిద రంగులో నున్నగా ఉన్నాయి. నాలుగో నంబరు దగ్గర గీతలు కనిపించాయి. ఐదో నంబరు పై ముక్కలో బూడిద పొర పూర్తిగా పోయి రాగి ఎర్రగా బయటపడింది. మెకానిక్ దాన్ని వెలుతురులోకి పట్టుకుని తిప్పాడు.

"ఇంగో నాలుగుసార్లు గట్టిగా తొక్కింటే అయిపోయేది సార్. హైవే మీద ఇంజన్ పట్టేసుకుంటే మీరూ అక్కా ఏమయ్యేవాళ్ళో దేవునికే తెలియాల. రిపోర్టు ఎప్పుడొచ్చె?"

నేను మా ఆయన వైపు చూశాను.

"వచ్చి చాలా రోజులైంది," అన్నాడు మా ఆయన. "నేనే సరిగ్గా చూసుకోలేదు."

"మీరే ఇట్ల చేస్తే ఎట్ల సార్? అంత జాగ్రత్త మనిషి."

"నాదే తప్పు."

మెకానిక్ ఇంకా రెండు మాటలు తిట్టాడు. అతను తల వంచుకుని పడ్డాడు. నావైపు చూడలేదు. నేను నా ఇడ్లీ రేకుల వైపు చూస్తూ నిలబడ్డాను.

పక్కనే ఉన్న టీ అంగడికి వెళ్ళాం. "ఒకటి షుగర్ లేకుండా," అన్నాడు. గ్లాసు నా చేతికిచ్చాడు. ఇక ఆగలేకపోయాను.

"నేనెందుకు దాచానో అడగవా?"

టీ ఊదుకున్నాడు. "అడిగితే చెప్తావు," అన్నాడు. "చెప్తే దాన్ని అమ్మెయ్యాల్సొస్తుంది."

అంటే అతనికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. వారం రోజులుగా నేను దిద్దుకున్న జవాబు నా నోటి దగ్గరికి వచ్చి నిలబడింది. ఒక్క మాట అంటే చాలు, ఆ నీలం కారు ఇంకెవరి బేస్‌మెంటుకో వెళ్ళిపోతుంది. అమ్మేస్తాడు, గొడవ కూడా చెయ్యడు. మెత్తటి మనిషి. తర్వాత ఆదివారాలన్నీ నా పక్కనే కూర్చుంటాడు, టీవీ చూస్తూ.

"సార్, కొత్తవి వేస్తా ఉండాను, వచ్చి చూస్తారా?" అని షెడ్డులోంచి పిలిచాడు మెకానిక్.

మా ఆయన కదలలేదు. గ్లాసు పట్టుకుని, నా మొహం చూస్తూ నిలబడ్డాడు. మూడేళ్ళలో అంతసేపు నా మొహం చూడలేదు.

"పో," అన్నాను.

వెళ్ళాడు. నాలుగు అడుగులు నడిచి, ఆ తర్వాత పరుగు లాంటి నడక. ఆ నడక చూసి నాకు మళ్ళీ కడుపు మండింది.

ముళబాగిలు మరుసటి నెలలో వెళ్ళాం. దోశ అప్పటిలాగే ఉంది. వస్తూ హొసకోట దగ్గర నేనేదో చెప్పబోతే అరచెయ్యి ఎత్తి ఆపాడు, కొత్త బేరింగుల చప్పుడు వినడానికి. నేను నోరు మూసుకున్నాను. ఆ టీ అంగడి దగ్గర చెప్పని మాట ఇంకా నా దగ్గరే ఉంది. అది నా దగ్గరుందని అతనికీ తెలుసు. చెయ్యి దించాక నావైపు తిరిగి, "ఏదో చెప్పబోయావు, ఏంటి?" అని అడిగాడు.

"ఏమీ లేదు," అన్నాను. "నువ్వు విను."